పెరటి నీటి కాలువ: మనమే త్రవ్వుకొందమా, మేస్త్రికి ఒప్పగింతమా?

"నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు" అని మన పెద్దలు చెప్పుదురు. నీటికి పల్లము తెలియును గాని, కాలువ త్రవ్వు మనకు అది తెలియదు. ఈ వ్యాసమున మేము చెప్పదలచినదంతయు ఈ ఒక్క చిక్కునుండి పుట్టినదే.

చెన్నపట్టణమున ఏటి వర్షములో అధికభాగము అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనముల వలన కురియును. ఆ మూడు నెలలును ముంగిట నీరు నిలువని ఇల్లు అదృష్టము గల ఇల్లు. నిలిచిన నీరు పునాది మట్టిని మెత్తపరచును, గోడలకు చెమ్మ నెక్కించును, దోమలను పెంచును, మరుగుదొడ్డి తొట్టి దగ్గరనున్నచో బావినీటిని చెరచును. కావున కాలువ అవసరమనుటలో వివాదము లేదు. దానిని ఇంటివారే త్రవ్వుకొనవలెనా, పని తెలిసిన మేస్త్రికి ఒప్పగింపవలెనా యనునదే ప్రశ్న.

చాలమంది దీనికి ఖర్చునుబట్టి సమాధానము చెప్పుదురు. మేమును అట్లే తలచి దెబ్బతింటిమి. 2021 నవంబరు వానలకు ముందు మేమును పై తరగతుల విద్యార్థులును కలిసి బడి ఆవరణలో పడమటి మూలనుండి గేటు వరకు కాలువ త్రవ్వితిమి. గేటువైపు పల్లముగా కంటికి తోచినది, కొలువలేదు. తొలి పెద్దవాన కురిసిన రాత్రి నీరు గేటు చేరక, నడుమ నిలిచి, ప్రహరి క్రిందుగా పొరుగువారి వంటయింటి గోడలోనికి ఊరినది. మరునాడు ఆ యింటి పెద్దామె వచ్చి, "అయ్యవారూ, మీ బడి నీళ్లు మా యింటికి చదువు చెప్పేదానికి వచ్చినాయి" అనెను. ఆమె కోపగించుకొనియున్నచో మాకు అంత సిగ్గు కలిగియుండెడిది కాదు. తరువాత కొలిచి చూడగా, గేటు దగ్గర నేల 2 అంగుళములు మెరకగా నున్నది.

నాటినుండి మేము ఖర్చుకు ముందు రెండు ప్రశ్నలు వేసికొనుచున్నాము. పొరపాటు జరిగినచో అది ఎవరిమీద పడును? దానిని పారతో దిద్దవచ్చునా? తప్పు మనమీదనే పడి, పైకి కనబడి, ఒక పూటలో దిద్దదగినదైనచో ఆ పని మనదే. తప్పు మట్టిక్రింద దాగునదైనను, పరులకు నష్టము తెచ్చునదైనను అది మేస్త్రి పని.

అయితే పని ఎవరిదైనను కొలత మనదే. మొదట వాన కురియుచుండగా గొడుగు వేసికొని ఆవరణ యంతయు తిరిగి, నీరు ఎచటనుండి వచ్చి ఎచట నిలుచుచున్నదో కాగితముపై గీసికొనవలెను. పిదప మట్టము చూడవలెను. సన్నని పారదర్శకపు గొట్టములో గాలి బుడగలు లేకుండ నీరు నింపి, రెండు కొనలను రెండు చోట్ల నిలిపినచో, రెండింట నీరు ఒకే మట్టమున నిలుచును. అచటనుండి నేలవరకు కొలిచినచో ఏది మెరకయో ఏది పల్లమో తేటపడును. కాలువ అడుగునకు 100 పాళ్లకు 1 పాలు వాలు మంచిది. అనగా 10 మీటర్ల కాలువకు 10 సెంటీమీటర్లు.

నీటి పరిమాణమును గూడ లెక్కింపవలెను. 100 చదరపు మీటర్ల మిద్దెపై 50 మిల్లీమీటర్ల వాన పడినచో 5,000 లీటర్ల నీరగును. విద్యార్థులు తమ యింటి మిద్దెకు ఈ లెక్క కట్టి చూడవచ్చును.

తమిళనాడులో 2003లో భవనములన్నిటికిని వాననీటి సేకరణ తప్పనిసరి చేయబడినది. కావున నీటిని వీధికి తరుముటకు ముందు నేలకు ఇచ్చు మార్గము వెదకవలెను. అడుగు లోతు గుంత త్రవ్వి, నీటితో నింపి, అది ఇంకిన పిదప మరల నింపి, గంటలో ఎంత తగ్గునో చూడుడు. తిరువాన్మియూరు వంటి సముద్రతీరపు ఇసుకనేలలో నీరు త్వరగా ఇంకును. బంకమట్టిలో నిలిచిపోవును, అట్టిచోట ఇంకుడు గుంత ఒక్కటే చాలదు.

ఇంటి గోడనుండి వెలుపలికి నేల వాలుగా సరిచేయుట, తెరచిన చిన్న కాలువ త్రవ్వుట, మిద్దె గొట్టపు నీటిని గోడకు దూరముగా మళ్లించుట, ఆకులు చెత్త తీయుట: ఇవి మన చేతి పనులు. పూడ్చు గొట్టములు, పునాది ప్రక్కన త్రవ్వకము, ఉమ్మడి గోడ దగ్గరి పని, కార్పొరేషను కాలువతో కలుపుట: ఇవి పని తెలిసినవారివి. కలుపుటకు అనుమతి పొందవలెను. వాననీటిని మురుగు గొట్టమున కలుపరాదు. వీధికి తారు మీద తారు వేయగా ముంగిలియే వీధికంటె పల్లమైన ఇండ్లు ఈ నగరమున అనేకము. అట్టిచోట కాలువ త్రవ్వినచో వీధి నీరే లోనికి వచ్చును. నేల పెంచవలెనో, నీటిని తోడు యంత్రము పెట్టవలెనో అనుభవజ్ఞుడే చెప్పవలెను.

ప్రాణముతో ముడిపడిన సంగతులు రెండు కలవు. ఘనపు మీటరు మట్టి సుమారు ఒకటిన్నర టన్నుల బరువుండును. లోతైన కందకపు గోడ విరిగిపడినచో మనిషి బయటపడుట కష్టము. కావున లోతు త్రవ్వకమున పిల్లలను దింపరాదు. మరుగుదొడ్డి తొట్టిలో విషవాయువు లుండును. అందు మనిషిని దింపి శుభ్రపరచుటను 2013 నాటి చట్టము నిషేధించినది. కూలి ఎంత ఇచ్చినను ఎవరినీ దింపరాదు.

మేస్త్రిని పిలిచినప్పుడు మూడు మాటలు అడుగవలెను: నీరు తుదకు ఎచటికి పోవును? వాలు ఎంత? పూడినచో ఎచట తెరచి తీయవలెను? గొట్టముపై మట్టి కప్పకముందే పది బిందెల నీరు పోసి, అవి తూము దాటుట కన్నులార చూచి, ఆ పిమ్మటనే తుది పైకము చెల్లింపవలెను.

మా బడిలో పూడ్చు గొట్టము మేస్త్రి వేసెను. పై కాలువను విద్యార్థులు కొలిచి త్రవ్విరి. 2023 డిసెంబరు తుఫానునాడు వీధియంతయు నీరైనప్పుడు మా ఆవరణలోను నీరు నిలిచినది. ఇంటి కాలువ ఊరి వరదను ఆపలేదు. కాని వీధి నీరు తగ్గిన వెంటనే మా నీరును తగ్గినది. పొరుగువారి గోడ తడియలేదు. ఆ పెద్దామె మరల మా గేటు దగ్గరకు వచ్చినది, ఈసారి ఆ గొట్టపు మట్టమును అరువడుగుటకు.