అపస్మారమా, గాబరాయా?

మన కోడుమూరు ప్రాంతమున బిడ్డ ఉన్నట్టుండి వణకుచు నేల కూలినచో ఇంట వినవచ్చు మొదటి మాట ‘ఫిట్సు’. రెండవది ‘గాలి సోకినది’. చేతిలో తాళపుచెవుల గుత్తి పెట్టుదురు, ఉల్లిగడ్డ వాసన చూపుదురు. అది తీవ్రమైన భయము వలన కూడ కావచ్చునని తలచువారు అరుదు.

మేము వైద్యులము కాము. అయినను ఈ విషయమున పదములే కొంత దారి చూపుచున్నవి. ‘అపస్మారము’ అనగా స్మృతి తొలగుట. అరబ్బీ నుండి ఉర్దూలోనికి వచ్చిన ‘సరా’ అను వ్యాధినామమునకు మూలార్థము పడగొట్టుట. ఇబ్న్ సీనా తన ‘అల్ కానూన్’లో దీనిని మెదడు రోగములలో చేర్చెను. మనము నిత్యము వాడు ‘గాబరా’ ఉర్దూ ‘ఘబ్‌రానా’కు చుట్టము. తెలుగున ‘మూర్ఛ’ అను ఒకే మాటను సొమ్మసిల్లుటకును ఈ వ్యాధికిని వాడుటచే చిక్కు మరింత పెరిగినది.

స్మృతి పోయినదా, నిలిచినదా? మొదట చూడవలసినది ఇదే. అపస్మారమున సాధారణముగా బిడ్డ పిలిచిన పలుకదు. కనులు తెరచియే యుండును. కాలుసేతులు ఒక లయలో కొట్టుకొనును. నాలుక ప్రక్కన తెగవచ్చును, బట్టలు తడియవచ్చును. ఒకటి రెండు నిమిషములలో ఆగి, పిదప మగతనిద్ర పట్టును. జరిగినది జ్ఞాపకముండదు. గాబరాలో గుండె దడదడలాడును, ఊపిరి వేగమగును, “చచ్చిపోతానమ్మా” అని బిడ్డ తానే చెప్పును. క్రమముగా పెరిగి, పది నిమిషములకు తీవ్రమై, మెల్లగా తగ్గును. అంతయు జ్ఞాపకముండును. అతివేగముగా ఊపిరి తీయుటచే వ్రేళ్లు తిమ్మిరెక్కి కొంకర్లు పోవును. చూపరులు దీనినే ఫిట్సు అని భ్రమపడుదురు.

ఇంతటితో తేలిపోయినదనుకొనరాదు. మెదడులో కణతల వైపు భాగమున పుట్టు కొన్ని ఫిట్సులలో భయమే లక్షణము; తెలివియు నిలిచియుండవచ్చును. అయితే ఆ భయము కారణము లేకయే, కొన్ని క్షణములపాటు, ప్రతిసారి ఒకే తీరున వచ్చును, నిద్రలోను రావచ్చును. కొందరు పిల్లలు పాఠము మధ్య కొన్ని సెకండ్లు శూన్యదృష్టితో నిలిచిపోదురు. అదియు అపస్మారములో ఒక రకమే. దానిని పరధ్యానమని బెత్తము ఎత్తు ఉపాధ్యాయులు లేకపోలేదు. పరీక్షనాడు వణకు బిడ్డను నటించుచున్నాడనుటయు అంతే అన్యాయము.

తప్పు ముద్ర ఏ వైపు పడినను నష్టమే. ఒక బిడ్డ అక్కరలేని మాత్రలు ఏండ్ల తరబడి మ్రింగును. మరొక బిడ్డ తాయెత్తులతో కాలము పోగొట్టుకొనును. ఆడపిల్లయైనచో సంబంధములు తప్పునని ఇంటివారు దాచుదురు. హిందూ వివాహ చట్టము నుండి ఈ వ్యాధి ప్రస్తావనను పార్లమెంటు 1999లో తొలగించినది. ఇండ్లలో ఆ సవరణ ఇంకను అమలు కాలేదు.

1929లో జర్మనీ వైద్యుడు హాన్స్ బెర్గర్ ప్రకటించిన మెదడు విద్యుత్ తరంగముల నమోదే నేటి ఇ.ఇ.జి. పరీక్షకు మూలము. అయితే పరీక్ష సరిగా నున్నంత మాత్రమున వ్యాధి లేదనలేము. కన్నవారు చెప్పు వృత్తాంతమే వైద్యునకు ముఖ్యము. కనుక గడియారము చూడవలెను. ఒకరు సెల్‌ఫోనులో చిత్రీకరింపవలెను. ఫిట్సు వచ్చిన బిడ్డను ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టవలెను. నోట నీరుగాని చెంచాగాని పెట్టరాదు, అదిమి పట్టరాదు. గాబరాపడు బిడ్డ ప్రక్కన కూర్చుండి, మెల్లగా ఊపిరి విడువుమని చెప్పిన చాలును. ఫిట్సు అయిదు నిమిషములు దాటినను, తెలివి రాకమునుపే మరల వచ్చినను 108కి ఫోను చేయవలెను. మొదటిసారి వచ్చినది ఏదైనను, తగ్గిన పిమ్మట బిడ్డను కర్నూలు పెద్దాసుపత్రిలో చూపవలెను.