అక్షయపాత్రకీ ఒక లెక్క ఉంది: ధరలు మండుతున్నప్పుడు వంటిల్లు నడపడం ఎలా?



పోయిన వీడియోలో అక్షయపాత్ర కథ చెప్పుకున్నాం కదా. అది చూసి మా స్నేహితురాలు ఫోన్ చేసి, "ఈ ధరల్లో అలాంటి పాత్ర ఒకటి మనకీ దొరికితే ఎంత బాగుండునే!" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఫోన్ పెట్టేశాక మాత్రం నాకు 2023 జూలై గుర్తొచ్చింది. ఆ నెలలో నేను చేసిన ఒక పొరపాటు వీడియోలో చెప్పడానికి నోరు రాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. దాంతో పాటు, ఆ నెల నేర్పిన వంటింటి లెక్క కూడా.

ముందు కథలో మనం గమనించని విషయం

అక్షయపాత్ర అనగానే ఎంత తోడినా తరగని గిన్నె అనుకుంటాం. కానీ భారతంలో దానికి ఒక నియమం ఉంది. అరణ్యవాసానికి బయలుదేరిన పాండవుల వెంట ఎంతోమంది బ్రాహ్మణులు కదిలారు. ఇంతమందికి అన్నం ఎలా పెట్టాలా అని ధర్మరాజు దిగులుపడితే, ధౌమ్యుడు సూర్యుణ్ణి ఆరాధించమన్నాడు. సూర్యుడు ఒక రాగి పాత్ర ఇచ్చాడు. పన్నెండేళ్ళు అది నిండుతుంది. అయితే ప్రతిరోజూ ద్రౌపది భోంచేసేదాకా మాత్రమే. ఆవిడ తినేశాక ఆ రోజుకి ఇక అంతే.

అంటే దేవుడిచ్చిన పాత్రకి కూడా రోజువారీ హద్దు ఉంది. వడ్డనకి ఒక వరస ఉంది. ముందు అతిథులు, తర్వాత ఇంటివాళ్ళు, చివర వండినామె.

ఇక దుర్వాసుడు వచ్చిన రోజు సంగతి మీకు తెలిసిందే. ద్రౌపది అప్పటికే తినేసింది. కృష్ణుడు వచ్చి ఆకలి అంటే "ఏమీ లేదన్నా" అంది. ఆయన "ముందు పాత్ర తీసుకురా, చూద్దాం" అన్నాడు. చూస్తే అంచుకి అంటుకుని ఓ ఆకుకూర ముక్క ఉంది. ఆ తర్వాత జరిగిన అద్భుతం గురించే మనం ఎప్పుడూ మాట్లాడుకుంటాం. నాకు మాత్రం అంతకుముందు మాటే ముఖ్యం అనిపిస్తుంది: లేదు అనేముందు పాత్ర చూడు.

నేను పాత్ర చూడని నెల

2023 జూలై ఎలా ఉందో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. హైదరాబాద్‌లో టమాటా కిలో వంద దాటి ఇంకా పైకి పోతోంది. దేశం మొత్తం మీద ఆ నెల ఆహార ద్రవ్యోల్బణం 11.51 శాతం. ఒక్క కూరగాయలే చూస్తే ఏడాదిలో 37 శాతం పైగా పెరిగాయి. మా ఇంట్లో నలుగురం: నేను, మా ఆయన, అత్తయ్య, నాలుగేళ్ళ పాప. ఫ్లాట్ ఈఎమ్‌ఐ అప్పుడే మొదలైంది. జూన్‌లో 9,200 అయిన వంటింటి ఖర్చు జూలైలో 12,000 అయింది.

ఆ కంగారులో నేను తీసుకున్న మొదటి నిర్ణయం ఏంటో తెలుసా? మా ఇంట్లో పనికి వచ్చే ఆవిడకి రోజూ పెట్టే టిఫిన్ ఆపేశాను. "ధరలు చూస్తున్నావుగా, ఈ రెండు నెలలు కొంచెం కష్టం" అన్నాను. ఆవిడ "సరేనమ్మా" అంది, అంతే.

ఆ ఏడాది అధిక శ్రావణం వచ్చింది, జూలై 18 నుంచి ఆగస్టు 16 దాకా. అధికమాసం కదా అని గుళ్ళో దానం ఇవ్వడానికి నేను 33 అప్పాలకి ఆర్డర్ కూడా ఇచ్చేశాను.

ఆ మరుసటి ఆదివారం ఫ్రిజ్ సర్దుతున్నాను. కింద డ్రాయర్‌లో రెండు కిలోల టమాటాలు నీరుకారిపోయి ఉన్నాయి. "రేపు ఇంకా పెరుగుతుందట" అని ఒకేసారి కొన్నవి. పక్కన కుళ్ళిన తోటకూర, నల్లబడ్డ కొత్తిమీర. అన్నీ కవర్లో వేసి మూట కడుతుంటే ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి చూసింది.

"అమ్మా, గివన్నీ పాడైనయా? ముందుగాల్ల నాకిస్తే వండుకుంటుంటిమి గదా."

కోపంగా అనలేదు. మామూలుగా అంది. నాకు తల ఎత్తడానికి ముఖం చెల్లలేదు. గుడికి అప్పాలు, చెత్తబుట్టకి టమాటాలు. ఎదురుగా ఉన్న మనిషికి మాత్రం లేదు అన్నాను. పాత్ర చూడకుండానే అన్నాను.

ఆ 2,800 ఎక్కడికి పోయాయి?

ఆ రాత్రి అత్తయ్య, నేను బిల్లులన్నీ ముందేసుకుని కూర్చున్నాం. జూన్ కంటే ఎక్కువైన 2,800 రూపాయల్ని రెండు భాగాలు చేశాం.

నిజంగా ధరలు పెరగడం వల్ల అయినది:
- టమాటా: 30 నుంచి 130కి, మేము వాడే 5 కిలోలకి 500
- అల్లం, పచ్చిమిర్చి, మిగతా కూరలు: 350
- బియ్యం బస్తా: 100
- కందిపప్పు 3 కిలోలకి: 90
- జీలకర్ర: 60

మొత్తం 1,100.

మా చేతులారా చేసుకున్నది:
- పది నిమిషాల డెలివరీ యాప్‌లో 14 ఆర్డర్లు. వాటి చార్జీలు, డెలివరీ ఫ్రీ అవ్వాలని కలిపిన చిప్స్, బిస్కెట్లు: 900
- పారేసిన టమాటా, ఆకుకూరలు: 450
- ఇంట్లో ఉండగానే మళ్ళీ కొన్న మినప్పప్పు, రవ్వ, ఆవాలు: 350

మొత్తం 1,700.

మార్కెట్ మా దగ్గర తీసుకున్నదానికంటే మా అజాగ్రత్త తీసుకున్నదే ఎక్కువ. పనావిడ టిఫిన్ ఖర్చు ఈ రెండు లిస్టుల్లో ఎక్కడా లేదు. ఎందుకంటే అది కొత్త ఖర్చు కాదు, జూన్‌లోనూ ఉంది.

ఒక మాట. అన్ని ఇళ్ళలోనూ లెక్క ఇలాగే ఉండదు. నిజంగానే వృథా ఏమీ లేకుండా, జీతమే సరిపోని ఇళ్ళు ఉన్నాయి. వాళ్ళకి నేను పొదుపు పాఠం చెప్పను. మాలాగా యాప్‌లో ఆర్డర్లు పెట్టుకునే ఇళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

అప్పటినుంచి మేము పాటిస్తున్న ఐదు పద్ధతులు

1. కొనేముందు పాత్ర చూడటం. శనివారం రాత్రి పది నిమిషాలు. ఫ్రిజ్, డబ్బాలు, అటక అన్నీ తెరిచి చూస్తాం. ఉన్నవాటితో మూడు రోజుల వంట ముందు రాసుకుంటాం, ఆ తర్వాతే కొనాల్సిన చీటీ. ముందుగా పాడయ్యేవి ముందు వండాలి: ఆకుకూరలు ఆది, సోమవారాల్లో, బెండ, వంకాయ వారం మధ్యలో, దుంపలు, గుమ్మడి చివర్లో. ఈ ఒక్క పనితోనే మా ఇంట్లో రెండోసారి కొనడం ఆగిపోయింది.

2. హద్దు పెట్టుకోవడం. ఆ ఆగస్టుకి మేము వేసుకున్న లెక్క ఇది: బియ్యం 1,500, పప్పులు 1,100, నూనె 600, పాలు, పెరుగు 2,400, కూరగాయలు 2,400, పళ్ళు, పూజకి కొబ్బరికాయలు, పూలు 700, పోపు సామాను, మిగతావి 600, ఇవ్వడానికి 300. మొత్తం 9,600. మీ అంకెలు వేరుగా ఉంటాయి, పద్ధతి మాత్రం ఇదే. కూరగాయల డబ్బు నగదుగా తీసి కవర్లలో పెడతాం, ఆదివారానికి 600. ఐదు ఆదివారాలొచ్చే నెలలో 480. కవర్ ఖాళీ అయితే ఆ వారానికి అంతే, ఆ రోజు పప్పుచారు. పాలు, పప్పులు మాత్రం తగ్గించలేదు. పాప, అత్తయ్య ఉన్న ఇంట్లో అక్కడ కోస్తే ఆ డబ్బు మందులకి పెట్టాల్సి వస్తుంది.

3. ఎక్కడ, ఎంత తూకం అని చూడటం. రైతుబజార్లు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో మొదలయ్యాయి. రైతే నేరుగా అమ్ముతాడు, ఆ రోజు ధరలు బోర్డు మీద ఉంటాయి. మేము ఆదివారం పొద్దున్నే కూకట్‌పల్లి రైతుబజార్‌కి వెళ్తాం. ఇంకోటి, ప్యాకెట్ ధర కాదు, కిలో ధర చూడండి. లీటరు పొద్దుతిరుగుడు నూనె దాదాపు 910 గ్రాములు తూగుతుంది. తక్కువ ధర ప్యాకెట్‌లో నూనె కూడా తక్కువ ఉండొచ్చు. వెనక చిన్న అక్షరాల్లో బరువు రాసి ఉంటుంది.

4. ఒక్క కూరకి అతుక్కుపోకపోవడం. నేను టమాటా లేకుండా వంటే లేదనుకునేదాన్ని. అత్తయ్య నవ్వి, "మా అమ్మమ్మ వాళ్ళు దాన్ని రామములక్కాయ అనేవారు, ఇంట్లోకి రానిచ్చేవారు కాదు" అంది. నిజమే, టమాటా అమెరికా ఖండం నుంచి వచ్చిన పంట. మన పులిహోరలో టమాటా ఎక్కడుంది? పులుపు కావాలంటే చింతపండు, గోంగూర, నిమ్మకాయ, ఎండు మామిడి ఒరుగులు, పులిసిన మజ్జిగ ఇన్ని ఉన్నాయి. ఆ నెలలో అరకిలోతో సరిపెట్టాం, మిగతా రోజులు మజ్జిగ పులుసు, గోంగూర పప్పు.

చాతుర్మాస్య వ్రతం పట్టేవాళ్ళు మొదటి నెల ఆకుకూరలు, తర్వాత వరసగా పెరుగు, పాలు, పప్పుధాన్యాలు వదులుతారు. అది ధరల కోసం పెట్టిన నియమం కాదు. కానీ కాలాన్ని బట్టి నాలుకని మార్చుకోవచ్చు అన్న అభ్యాసం అందులో ఉంది. మామూలుగా జూలై, ఆగస్టుల్లో టమాటా దిగుబడి తక్కువగా ఉంటుంది. అప్పుడు అదే కావాలని పట్టుబట్టడం మన తప్పు. చవకగా ఉన్నప్పుడు ఊరగాయ పెట్టుకుంటే ఆ రెండు నెలలూ గడిచిపోతాయి.

అలాగని రైతుని తిట్టుకోకండి. మనం వందల్లో కొన్న ఆ టమాటాకే, అదే ఏడాది సెప్టెంబర్ వచ్చేసరికి చాలాచోట్ల రైతుకి కిలోకి పది రూపాయలు కూడా రాలేదు. ధర ఎక్కువ ఉన్నప్పుడు ఏడ్చే మనం, పడిపోయినప్పుడు ఇంకో కిలో కొని ఊరగాయ పెడితే అదీ ఒక సహాయమే.

5. ఇచ్చే భాగాన్ని ముందే తీయడం. ఇది అత్తయ్య నేర్పింది. ఆవిడది కోనసీమ. డొక్కా సీతమ్మగారు (1841–1909) లంకల గన్నవరంలో వేళ కాని వేళ వచ్చినవాళ్ళకి కూడా అన్నం పెట్టిన కథలు వింటూ పెరిగిన మనిషి. బియ్యం కడిగేముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది. కంచి పరమాచార్యులవారు పిడికెడు బియ్యం పద్ధతిని ఎంతగానో ప్రోత్సహించారు. పిడికెడు అంటే దాదాపు 50 గ్రాములు. నెలకి కిలోన్నర, మేము తినే బియ్యం ధరకి 90 రూపాయలు. ఏ బడ్జెట్‌నీ అది కూల్చదు. చివర్లో మిగిలితే ఇద్దాం అనుకుంటే ఎప్పటికీ మిగలదు. ముందే తీస్తే లెక్కలో కలిసిపోతుంది.

శాస్త్రం ఏం చెప్తోంది?

తైత్తిరీయ ఉపనిషత్తులో భృగువల్లి అన్నం గురించి కొన్ని వ్రతాలు చెప్తుంది. అన్నాన్ని నిందించకు, వదిలేయకు, సమృద్ధిగా పండించు, ఇంటికి వచ్చినవాణ్ణి కాదనకు అని భావం. వరస గమనించండి. పారేయకపోవడం, సమకూర్చుకోవడం, పెట్టడం, ఈ మూడూ ఒకే చోట ఉన్నాయి. గీత మూడో అధ్యాయంలో కూడా కృష్ణుడు కేవలం తనకోసమే వండుకునేవాడు తినేది పాపమే అంటాడు.

నేను ఇన్నాళ్ళూ పొదుపు అంటే తగ్గించడం, దానం అంటే ఖర్చు అనుకున్నాను. కానీ పారేయని ఇంట్లో పెట్టడానికి ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది. మా ఇంట్లో ఆ నెల పారేసిన 450 రూపాయలతో ఎన్ని రోజుల ఉప్మా అయ్యేదో మీరే లెక్కేయండి.

ఆ తర్వాత

సోమవారం పొద్దున ఆవిడ రాగానే ప్లేట్‌లో ఇడ్లీ పెట్టి, "తప్పు నాదే, ఏమీ అనుకోకు" అన్నాను. "అయ్యో, గదేందమ్మా" అని తినేసింది. అప్పాల ఆర్డర్ మానలేదు, దానం ఇచ్చాం. అందులో అప్పాలు కొన్ని, గుళ్ళో అయ్యవారిని అడిగే, ఆవిడ పిల్లలకి పంపాను. ఇప్పుడు శనివారం రాత్రి ఫ్రిజ్ చూస్తున్నప్పుడు ఈ వారం మేము వాడలేం అనిపించిన కూర తాజాగా ఉండగానే ఆవిడకి ఇస్తాను. పాడయ్యాక కాదు.

ఆగస్టు ఖర్చు 9,750 అయింది. అనుకున్నదానికంటే 150 ఎక్కువ. పాప పుట్టినరోజు వచ్చింది మరి!

ఈ వారం మీ ఇంటిపని

- పోయిన నెల బిల్లులు తీసి, పెరిగిన ఖర్చుని ధర వల్ల అయినది, మన వల్ల అయినది అని రెండుగా రాయండి.
- శనివారం రాత్రి పాత్ర చూడండి, అంటే ఫ్రిజ్, డబ్బాలు అన్నీ.
- రేపు బియ్యం కడిగేముందు ఒక పిడికెడు పక్కన పెట్టండి. హాస్టల్లో ఉండేవాళ్ళు రోజుకి మూడు రూపాయలు డబ్బాలో వేసినా చాలు.

వచ్చే వీడియోలో సుదాముడి అటుకుల కథ చెప్పుకుందాం. అన్నపూర్ణమ్మ చల్లని చూపు మీ అందరి వంటిళ్ళ మీదా ఉండాలని కోరుకుంటూ, సెలవు.