అద్దె సర్వరులో ప్రాసెసర్ల లెక్క

మన పాఠశాలలో చదివిన పిల్లలు కొందరు నేడు హోసూరునందును బెంగుళూరునందును సర్వరులను కాపాడు ఉద్యోగములలో నున్నారు. వారు అచ్చట చేయు పని యెట్టిదని తల్లిదండ్రులు మమ్ము అడుగుచుందురు. కావున ఆ పనిలోని ఒక చిన్న లెక్కను ఇచ్చట విశదపరచుచున్నాము.

సర్వరు అనగా అనేకులు ఒకేసారి అడిగినదానిని అందించు కంప్యూటరు. పరీక్షాఫలితములు వెలువడిన ఉదయమున మనమందరము సెల్‌ఫోనులో తట్టి పిలుచునది దానినే. దానిలో లెక్కలు చేయు అంగమునకు ప్రాసెసరు అని పేరు. నేడు పెద్ద యంత్రమును భాగములు చేసి అద్దెకిచ్చుచున్నారు. 2022 నవంబరులో అమెజాన్ సంస్థ హైదరాబాదులో ప్రారంభించిన కేంద్రములు ఇట్టి పనికే యేర్పడినవి.

ఈ భాగములలో వర్చువల్ మెషీన్ అనునది గోడ కట్టి వేరుచేసిన వాటావంటిది. లోపలివానికి తన ప్రాసెసర్లే కనబడును. కంటెయినరు అట్లు కాదు. దానిలోనుండి ఇల్లంతయు కనబడును గాని, వాడుకకు మాత్రము హద్దుండును. చిక్కంతయు ఇచ్చటనే.

64 ప్రాసెసర్ల యంత్రములో మనకు 2 ప్రాసెసర్ల హక్కు మాత్రమే కలదనుకొందము. సాఫ్ట్‌వేరు కనబడినవన్నియు తనవేయని 64 మంది పనివారిని నిలుపును. లినక్సులో ఈ హద్దును సాధారణముగా 100 మిల్లీసెకన్ల గడువుకొకమారు లెక్కింతురు. ఆ గడువులో 2 ప్రాసెసర్లకు దక్కునది 200 మిల్లీసెకన్ల పని. 64 మందియు ఒక్కుమ్మడిగా చేసినచో అది సుమారు 3 మిల్లీసెకన్లలోనే తీరిపోవును. మిగిలిన 97 మిల్లీసెకన్లును అందరు చేతులు ముడుచుకొని కూర్చుండవలసినదే. పెండ్లి వంటకు 64 మంది వంటవారిని పిలిచి, రెండు పొయ్యిలకు సరిపడు కట్టెలిచ్చినట్లు! పెద్ద యంత్రము తీరికగానే యుండును. పిల్లవాని మార్కులు మాత్రము తెరమీదికి రావు.

జావా భాష 2018లో వచ్చిన 10వ రూపమునుండి లినక్సులో ఈ హద్దును తానే చూచుకొనుచున్నది. గో భాష 2025 ఆగస్టులో వచ్చిన 1.25 రూపముతో గాని దీనిని నేర్వలేదు. ఇంత ఆలస్యము మాకు వింతగానే యున్నది. దాని పాత రూపములలో గోమాక్స్‌ప్రాక్స్ అను విలువను మనమే 2 అని వ్రాయవలెను. ఇంజిన్‌ఎక్స్ అను సర్వరు సాఫ్ట్‌వేరులో వర్కర్ ప్రాసెసెస్ అను వరుస కలదు. అచ్చట 'ఆటో' అని యున్నచో అది యంత్రములోని ప్రాసెసర్లనన్నిటిని లెక్కకు తీసికొనవచ్చును. కావున కంటెయినరులో అంకెను వ్రాయుటయే మేలు.

అయితే చేతితో వ్రాసిన అంకె తనంత తాను మారదు. పిమ్మట మన భాగమును 8 ప్రాసెసర్లకు పెంచి ఆ వరుసను మరచినచో, ఎనిమిదింటికి అద్దె కట్టి ఇద్దరు పనివారితోనే జరుపుకొనుచుందుము.