పాఠం 14: ఆటల స్టీరింగు – ఎంపిక, మరమ్మతు

క్రిందటి పాఠంలో మల్టీమీటరుతో నిరోధాన్ని కొలవడం నేర్చుకున్నారు. ఇప్పుడు దానిని ఒక వస్తువు మీద ఉపయోగించి చూద్దాం. టి.వి.కి కలిపే గేమ్ కన్సోల్‌లో కారు పందేల ఆటలు ఆడేవారు స్టీరింగు, పెడళ్ళు వాడతారు. కొత్తవాటి ఖరీదు ఎక్కువ. అందువల్ల చాలామంది వాడినవి కొంటారు, చెడిపోతే మెకానిక్ దగ్గరకు తెస్తారు. ఏది బాగవుతుందో, ఏది కాదో ముందే చెప్పగలిగితే వారి డబ్బు, మీ శ్రమ రెండూ మిగులుతాయి.

14.1 కొనే ముందు

మొదట చూడవలసింది స్టీరింగు కాదు, ఇంట్లో ఉన్న కన్సోల్. లాజిటెక్ కంపెనీ 2015లో తెచ్చిన జి 29 ప్లేస్టేషన్ 3, 4, 5 లతో పనిచేస్తుంది, ఎక్స్‌బాక్స్‌తో పనిచేయదు. చూడటానికి దాదాపు అలాగే ఉండే జి 920 ఎక్స్‌బాక్స్ కోసం చేసినది. ప్లగ్గు ఒకటే అయినా, కన్సోల్ తాను గుర్తించిన పరికరాన్నే అంగీకరిస్తుంది. ఈ తేడాను ఏ టంకమూ సరిచేయలేదు. మార్పిడి పరికరాలు అమ్ముతారు గాని, కన్సోల్ సాఫ్ట్‌వేర్ మారినప్పుడు అవి ఆగిపోవచ్చు.

తరువాత అడాప్టరు పెట్టి చూడండి. జి 29 తనంతట తానే రెండు వైపులా తిరిగి మధ్యలో ఆగాలి. అడాప్టరు లేకుండా అమ్మేవారి దగ్గర ఈ పరీక్ష చేయలేరు. అక్కడ కొనకపోవడమే మంచిది. బ్రేకు పెడల్ గట్టిగా ఉందని భయపడవద్దు. దాని లోపల రబ్బరు ముక్క ఉంటుంది.

14.2 పెడల్ లోపం

ఆటలో కారు దానంతట అదే బ్రేకు వేస్తున్నదా? వేగం కుదుపులతో పెరుగుతున్నదా? పాత రేడియోలో వాల్యూమ్ తిప్పితే గరగర శబ్దం రావడం మీరు వినే ఉంటారు. ఇదీ అదే జబ్బు. పెడల్ కింద పొటెన్షియోమీటర్ ఉంటుంది. దాని పట్టీ మీద దుమ్ము చేరినా, పట్టీ అరిగినా నిరోధం ఎగిరెగిరి పడుతుంది.

ముందుగా అడాప్టరు, కేబుళ్ళు అన్నీ తీసివేయండి. పొటెన్షియోమీటర్ తీగలను విడదీసి, మీటరును మధ్య కాలికీ ఒక చివరి కాలికీ పెట్టి పెడల్‌ను నెమ్మదిగా నొక్కండి. అంకె వరుసగా మారితే భాగం మంచిదే; లోపం కేబుల్‌లో వెదకండి. అంకె గెంతితే కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా కొట్టి, పెడల్‌ను ఇరవై ముప్పై సార్లు ఆడించి, ఆరిన తరువాత మళ్ళీ కొలవండి. కుట్టు మిషను నూనె వాడకూడదు. దుమ్ము మరింత అంటుకుంటుంది.

అప్పటికీ గెంతితే భాగం మార్చాలి. చివరి రెండు కాళ్ళ మధ్య నిరోధం పాతదానితో సమానంగా ఉన్నది, ఇరుసు సరిపోయేది తీసుకోండి. హైదరాబాదు కోఠిలో గాని, చెన్నై రిచీ స్ట్రీట్‌లో గాని అడిగేటప్పుడు "లీనియర్" అని తప్పక చెప్పండి. రేడియో వాల్యూమ్‌కు వాడే రకంలో నిరోధం సమంగా పెరగదు.

14.3 మధ్య తప్పే స్టీరింగు

పాత జి 27లో మోటారు ఇరుసుకు బిగించిన చిన్న ప్లాస్టిక్ చక్రం పగిలి జారుతుంది. అప్పుడు ఆట సాగేకొద్దీ మధ్యస్థానం తప్పుతుంది. లోహపు చక్రం వేస్తే సరిపోతుంది. అయితే జి 27 ప్లేస్టేషన్ 4తో పనిచేయదని, పని మొదలుపెట్టే ముందే తెచ్చినవారికి చెప్పండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పెడల్ నొక్కుతుంటే మీటరు అంకె వరుసగానే మారింది, కాని ఆటలో బ్రేకు పడటం లేదు. తరువాత ఏమి పరీక్షిస్తారు?
2. ప్లేస్టేషన్ 5 ఉన్న ఒకాయన చవకగా జి 920 కొని, "మార్చి ఇవ్వండి" అని తెచ్చాడు. ఆయనకు ఏమి చెబుతారు?