శిలీంధ్ర విషం – కలుపు మందు

పైరుకు తెగులు సోకితే రైతు దిగులుపడతాడు. అదే తెగులు కలుపునకు సోకితే? ముల్లును ముల్లుతోనే తీయాలన్న సామెత పొలంలో ఎంతవరకు చెల్లుతుందో శాస్త్రజ్ఞులు చాలాకాలంగా పరిశీలిస్తున్నారు. ఒకే రసాయనాన్ని ఏటేటా చల్లినచోట దానికి లొంగని కలుపు పుట్టుకొస్తుంది. గ్లైఫోసేట్‌కు లొంగని రైగ్రాస్ గడ్డి 1996లో ఆస్ట్రేలియాలో బయటపడింది. కనుక కొత్త ఆయుధాలు అవసరమయ్యాయి.

మొక్కల తెగుళ్లలో అధికభాగం శిలీంధ్రాల వల్ల కలిగేవే. వాటిలో కొన్ని మొక్క కణాలను ముందుగా విషంతో చంపి, ఆ పిమ్మట ఆహారంగా చేసికొంటాయి. ఆకుపై కనిపించే నల్లమచ్చ ఆ విషప్రయోగానికి గుర్తు. ఆ విషాన్నే వేరుచేసి కలుపుపై చల్లితే? సజీవ శిలీంధ్రం పనిచేయడానికి తగిన తేమ కావాలి; విషానికి ఆ నిర్బంధం లేదు.

అమెరికాలోని మోంటానా రాష్ట్రపు పచ్చిక బయళ్లను నాప్‌వీడ్ అనే ఊదాపూల మొక్క ఆక్రమించింది. మనకు వయ్యారిభామ వలెనే, అక్కడివారికి అదీ పరాయి మొక్కయే. (ఒంటినిండా దద్దుర్లు తెప్పించే మొక్కకు ‘వయ్యారిభామ’ అని పేరు పెట్టినవారెవరో గాని, గొప్ప చమత్కారులు!) తెగులు సోకిన నాప్‌వీడ్ నుండి ఆల్టర్నేరియా ఆల్టర్నేటా అనే శిలీంధ్రాన్నీ, దాని నుండి ‘మాక్యులోసిన్’ అనే విషాన్నీ గ్యారీ స్ట్రోబెల్ బృందం వేరుచేసి 1988లో ప్రకటించింది. దాని నిర్మాణం అతి సరళం. ప్రోలీన్, టైరోసిన్ అనే రెండు ఎమైనో ఆమ్లాల కూర్పు, అంతే. విశేషమేమంటే, అది నాప్‌వీడ్‌ను బాధించింది గాని పరీక్షించిన ఇతర మొక్కలకు హాని చేయలేదు. శత్రువును గుర్తెరిగి తాకే అస్త్రాలను గూర్చి పురాణాలలో చదువుతాము, ఇది అటువంటిదే.

ఆ శిలీంధ్రమే ‘టెంటాక్సిన్’ అనే మరొక విషాన్ని కూడా తయారుచేస్తుంది. అది హరితరేణువులలో శక్తి ఉత్పత్తిని అడ్డుకొంటుంది. దానివల్ల అనేక రకాల లేత మొక్కలు పాలిపోతాయి. మొక్కజొన్న, సోయాచిక్కుడు మాత్రం తట్టుకొంటాయి. అయితే పొలాలకు సరిపడునంత తయారుచేయడం బహు ఖర్చుతో కూడిన పని.

ప్రకృతిసిద్ధమైనదంతా నిరపాయమని భ్రమపడరాదు. టమాటాకు తెగులు కలిగించే ఆల్టర్నేరియా రకం నుండి లభించిన ఏ.ఏ.ఎల్. విషం ఉమ్మెత్త కలుపును చంపగలదు. కాని దాని అణునిర్మాణం ఫ్యూమోనిసిన్‌ను పోలి ఉంటుంది. బూజు పట్టిన మొక్కజొన్నలో ఏర్పడే ఫ్యూమోనిసిన్ గుర్రాల మెదడును దెబ్బతీసి ప్రాణం తీస్తుంది. ఏ.ఏ.ఎల్. విషం సైతం జంతుకణాలకు హాని చేస్తుందని ప్రయోగశాలలో తేలింది. అందుచేత ఆ అణువును కొద్దికొద్దిగా మార్చి, కలుపును మాత్రమే చంపే రూపం కోసం పరిశోధకులు యత్నించారు.