పాతరలో దీపం

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతపు పల్లెలలో ఒకప్పుడు ధాన్యం దాచుటకు గాదెలతోపాటు పాతరలూ ఉండేవి. గట్టి నేలలో లోతుగా గొయ్యి తవ్వి, లోపల గడ్డి పరచి, రాగులో జొన్నలో నింపి, మూతిని బండతో మూసి మట్టితో మెత్తేవారు. 'పాతు' ధాతువు నుండి పుట్టిన మాట ఇది. నిజాన్ని పాతర వేశారని నేడు నిందగా వాడుతున్నాం గాని, నాటి రైతుకు పాతర వేయడమంటే కరవుకు ముందుచూపు.

ఆ పాతరలోనే మృత్యువు పొంచి ఉండేది. మూసిన గోతిలో గింజలు, పురుగులు, బూజు శ్వాసిస్తూనే ఉంటాయి. ప్రాణవాయువును హరించి బొగ్గుపులుసు వాయువును విడుస్తాయి. గాలికంటె బరువైన ఆ వాయువు అడుగున నిలుస్తుంది. మూత తీసిన వెంటనే దిగినవాడు కేక వేయకుండానే ఒరిగిపోవచ్చు. అతనిని రక్షించబోయి దిగినవాడూ అంతే. కావుననే అనుభవజ్ఞులు మూత తెరచి కొంతసేపు ఆగి, త్రాటికి దీపం కట్టి లోనికి విడిచేవారు. గాలిలో సుమారు 21 శాతం ఉండవలసిన ప్రాణవాయువు 16 శాతం చేరువకు తగ్గితే దీపం ఆరుతుంది. మనిషి స్పృహ తప్పుటకు అది ఇంకా తగ్గాలి. రసాయనశాస్త్రం చదవని రైతుల యుక్తి ఇది!

అయితే దీపానికి తెలియని విషాలున్నాయి. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నెత్తుటిలోని హీమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువు కంటె 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. పది లక్షల పాళ్ళ గాలిలో 1200 పాళ్ళున్నా ప్రాణాపాయమే. దీపం మాత్రం వెలుగుతూనే ఉంటుంది. 2018 జులైలో తాడిపత్రి ఉక్కు కర్మాగారంలో ఈ వాయువు వెలువడి ఆరుగురు కార్మికులు మరణించారు. దీనిని కనిపెట్టుటకు చొక్కాకు తగిలించుకొనే చిన్న పరికరాలు నేడున్నాయి. లోపలి విద్యుద్ధ్రువం మీద ఆ వాయువు ఆక్సీకరణం చెందగా పుట్టే స్వల్ప విద్యుత్తును కొలిచి, హద్దు మీరగానే అవి కూత పెడతాయి.

పాతరలు అరుదైనా, మూసిన గదులు మన జీవితంలో తగ్గలేదు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుండి కార్లు తయారవుతున్నాయి. కొత్త కారు వాసనను కొందరు ఇష్టంగా పీలుస్తారు. అది ప్లాస్టిక్కు, జిగురు, సీట్ల నురుగు విడిచే టోలీన్, జైలీన్, స్టైరీన్ వంటి ఆవిరుల కలయిక. అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారులో ఇవి మరింత పెరుగుతాయి. తలుపులు తెరచి కొంతసేపు ఆగి ఎక్కుట మేలు. ఇన్ని ఆవిరులను విడదీయుటకు ఆ చిన్న పరికరం చాలదు. కారులోని గాలిని, ఆవిరులను పట్టి ఉంచే పొడి నింపిన గొట్టం గుండా లాగుతారు. తరువాత గొట్టాన్ని వేడిచేసి, వెలువడిన ఆవిరులను సన్నని పొడవైన నాళంలోనికి పంపుతారు. ఒక్కొక్క ఆవిరి ఒక్కొక్క వేగంతో సాగి వేర్వేరు సమయాలలో బయటపడుతుంది. గ్యాస్ క్రొమటోగ్రఫీ అనే ఈ పద్ధతి వందకోట్ల పాళ్ళ గాలిలో ఒక పాలుగా దాగిన పదార్థాన్ని సైతం పట్టి చూపగలదు.