పెళ్లిపూజకు వెళ్లండి, సత్ప్రసాదం తీసుకోకండి

ప్రశ్న: మాది బాప్టిస్టు సంఘం. స్నేహితురాలి పెళ్లి ఆర్‌సీఎం (రోమన్ కేథలిక్) చర్చిలో దివ్యబలిపూజతో జరుగుతోంది. నేను వెళ్లవచ్చా? రొట్టె తీసుకోవచ్చా?
– ఓ పాఠకురాలు, గుంటూరు

జవాబు: నిరభ్యంతరంగా వెళ్లండి. అందరూ లేచినప్పుడు లేవండి. మోకరించడం, శిలువ గుర్తు వేసుకోవడం మీ ఇష్టం. ప్రభువు నేర్పిన ప్రార్థన మీకూ వచ్చిందే, గొంతు కలపండి. అయితే మీరు చివర్లో చెప్పే మహిమ వాక్యం అక్కడ వెంటనే రాదు; మధ్యలో గురువు ఒక్కరే మరో ప్రార్థన చేస్తారు. అక్కడ ఆగాలి.

మీరడిగిన ఆ రొట్టెను, అంటే సత్ప్రసాదాన్ని మాత్రం తీసుకోకండి. రొట్టె, ద్రాక్షారసం నిజంగా క్రీస్తు శరీర రక్తాలవుతాయని కేథలిక్కుల విశ్వాసం. అందుకే సాధారణంగా తమవారికే ఇస్తారు. వరుస కదిలినప్పుడు మీ చోటనే కూర్చుని ప్రార్థించుకోండి. ఇంకా సందేహముంటే ముందుగానే ఫాదర్‌గారిని అడగండి.